సన్మానం వీడియోలు చాలు: బెజవాడ, గుంటూరు కళాకారుల మీద డాక్యుమెంటరీ తీయడం ఎలా

మన వైపు కళాకారుల మీద వచ్చే వీడియోలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. ముందు సన్నాయి, తర్వాత ఊరి బోర్డు, ఆపైన శాలువాలూ జ్ఞాపికలూ పేర్చిన అల్మరా. వెనక నుంచి గంభీరమైన గొంతు "కళామతల్లి ముద్దుబిడ్డ" అంటుంది. ఇరవై నిమిషాలు చూసినా ఆ మనిషి పొద్దున లేచి ఏం చేస్తాడో, ఆ పని ఎలా చేస్తాడో, దానికి ఎవరు డబ్బిస్తారో మనకు తెలియదు. ఆయన మీద ప్రేమతోనే తీసి ఉంటారు. కానీ ఆయన పని మాత్రం తెర మీదకి రాలేదు.

పనిని తెర మీదకి తెచ్చే సినిమా ఎలా తీయాలో ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. మీరు ఒక్కరే ఉన్నా, తోడు ఇంకొకరు ఉన్నా సరిపోతుంది. పాతిక, ముప్పై నిమిషాల సినిమా, సుమారు ఒక ఏడాది పని అనుకోండి.

1. ముందు గుంపుని వెతకండి

గొప్ప కళాకారుడు ఒక్కడి మీదే తీస్తే సినిమా మళ్ళీ సన్మానం వైపే జారుతుంది. ఒక గుంపు మీద తీస్తే పోటీలు, అలకలు, అప్పులు, శిష్యరికాలు, ఒకరి డేట్లకి ఇంకొకరు సర్దుకోవడాలు అన్నీ వాటంతట అవే వస్తాయి. కృష్ణకి ఇటూ అటూ ఇలాంటి గుంపులకి కొదవ లేదు.

విజయవాడ గాంధీనగర్ ఆంధ్రా ప్రాంతానికి సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల అడ్డా. ఆ ఆఫీసులు, చుట్టూ ఉన్న హాళ్ళ కోసం గుడ్డ బ్యానర్లు, కటౌట్లు వేసిన పెయింటర్లు ఉండేవాళ్ళు. ఫ్లెక్స్ వచ్చాక ఆ పని పోయింది. వాళ్ళు ఇప్పుడేం చేస్తున్నారు, ఎవరు షాపుల బోర్డుల్లోకి వెళ్ళారు, ఎవరు గుడి రంగుల్లోకి వెళ్ళారు, ఎవరు బ్రష్ వదిలేశారు అని వెతుక్కుంటూ పోవడమే ఒక పూర్తి సినిమా.

గుంటూరు, తెనాలి వైపు పద్య నాటకం ఉంది, పరిషత్తు నాటికలు ఉన్నాయి. తెనాలిలో పాత ఇనప సామాన్లతో పెద్ద పెద్ద విగ్రహాలు చేసే శిల్పులున్నారు. విజయవాడకి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో కొండపల్లి బొమ్మల కాలనీ ఉంది. పెళ్ళిళ్ళకీ పందిళ్ళకీ పాడే ఆర్కెస్ట్రా వాళ్ళున్నారు. వినాయక చవితి ముందు రోడ్డు పక్కన గుడారాలు వేసుకుని విగ్రహాలు పోసే రాజస్థాన్ కుటుంబాలున్నాయి. మహాశివరాత్రికి కోటప్పకొండకి ప్రభలు కట్టే ఊళ్ళవాళ్ళున్నారు. కళ అంటే పాతదే అనుకోవద్దు. తెలుగులో ర్యాప్ రాసే కుర్రాళ్ళు, డాన్స్ క్లాసుల పిల్లలు, ఫ్లైఓవర్ స్తంభాల మీద బొమ్మలు వేసే ఫైన్ ఆర్ట్స్ స్టూడెంట్లు కూడా ఈ లెక్కలోకే వస్తారు.

ఎంచుకునే ముందు మూడు విషయాలు చూసుకోండి. వాళ్ళ పని కంటికి కనబడుతుందా, చెవికి వినబడుతుందా? రోజంతా మాటలే అయితే సినిమా కష్టం. ఆ గుంపులో వయసుల తేడా ఉందా? అరవై ఏళ్ళ మనిషీ ఇరవై ఏళ్ళ కుర్రాడూ ఒకే పని చేస్తుంటే కథ నడుస్తుంది. రాబోయే ఏడాదిలో వాళ్ళ ముందు ఏదైనా తేదీ ఉందా? పోటీయో, పండగో, డెలివరీయో ఏదో ఒకటి. తేదీ ఉంటే టెన్షన్ ఉంటుంది, టెన్షన్ ఉంటే చూసేవాళ్ళు కూర్చుంటారు.

ఈ మూడోదాని కోసం మన పండగల క్యాలెండర్ పక్కన పెట్టుకోండి. జనవరిలో సంక్రాంతి, విజయవాడ పుస్తక ప్రదర్శన. ఫిబ్రవరి, మార్చిలో శివరాత్రి, కోటప్పకొండ. ఆపైన ఉగాది, శ్రీరామనవమి పందిళ్ళు. ఆగస్టు, సెప్టెంబరులో చవితి. ఆ తర్వాత ఇంద్రకీలాద్రి మీద దసరా, విజయదశమి రాత్రి కృష్ణలో తెప్పోత్సవం. షూటింగ్ ఈ తేదీల చుట్టూ కట్టుకోవాలి. మే నెలలో మాత్రం ఎండకి ఫోన్లూ కెమెరాలూ వేడెక్కి ఆగిపోతాయి, మనుషుల సంగతి చెప్పనక్కర్లేదు. ఆ నెల ఎడిటింగ్‌కి ఉంచుకోండి.

2. కెమెరా లేకుండా వెళ్ళండి

మొదటి కొన్ని సార్లు చేతిలో నోట్‌బుక్ తప్ప ఏమీ వద్దు. "డాక్యుమెంటరీ తీస్తాం" అని మొదటి రోజే అన్నారంటే మరుసటి రోజుకి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీలు వేయించి, పేపర్ కటింగుల ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. అది ఆయన తప్పు కాదు. ఇన్నేళ్ళూ వచ్చినవాళ్ళందరూ అడిగింది ఆ ఫైలే.

మాట కలపడానికి పిలుపు ముఖ్యం. నాటకం వాళ్ళని "మాస్టారూ" అనో "గురువుగారూ" అనో పిలవండి. పెయింటర్ల దగ్గర "అన్నా", పెద్దవాళ్ళయితే "బాబాయ్" బాగా నడుస్తుంది. "సార్" అంటే దూరం పెరుగుతుంది. టీ తాగేటప్పుడు కూర్చోండి, పని మొదలవగానే పక్కకి జరగండి.

ప్రతి గుంపులోనూ అందరి లెక్కలూ తెలిసిన మనిషి ఒకరుంటారు. పద్య నాటకంలో ఆయన హార్మోనిస్టు. కృష్ణుడి వేషం వేసే నలుగురు ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోవచ్చు, ఆ నలుగురికీ హార్మోనియం మాత్రం ఆయనే వాయిస్తాడు. ఎవరిది ఏ శ్రుతి, ఎవరికి ఈమధ్య గొంతు అరశ్రుతి దిగింది, ఏ ఊళ్ళో వన్స్‌మోర్లు పడతాయి, ఏ కమిటీ డబ్బులు ఎగ్గొడుతుంది అన్నీ ఆయన నోట్లోనే ఉంటాయి. ఆర్కెస్ట్రాలో ఈ మనిషి బుకింగులు చూసే ఆర్గనైజర్. కొండపల్లిలో షాపువాళ్ళకీ బొమ్మలు చేసేవాళ్ళకీ మధ్య ఆర్డర్లు తిప్పేవాడు. హీరోని వెతకడం కంటే ముందు ఈ మనిషిని పట్టుకోండి.

ఇంట్లో ఆడవాళ్ళతో కూడా మాట్లాడండి. కొండపల్లిలో రంగులు వేసే చేతులు చాలావరకు వాళ్ళవే. బోర్డు మీద పేరు మాత్రం ఇంటాయనది ఉంటుంది. మన వీడియోల్లో ఈ చేతులు కనబడకపోవడం చాలా పెద్ద లోటు. మీ సినిమా ఆ ఒక్క పని చేసినా చాలని నేననుకుంటాను.

3. ఒక్క ప్రశ్న రాసుకోండి

స్క్రిప్టు ఇప్పుడే వద్దు. ఒక పేజీ చాలు. దాని పైన ఒకే ఒక ప్రశ్న ఉండాలి, దాని జవాబు మీకు తెలియకూడదు. "బుర్రకథ గొప్పతనం ఏమిటి?" అన్నది ప్రశ్న కాదు, జవాబు ముందే ఉంది. "ఈ దళంలో కథకుడు తర్వాత తంబూర ఎవరు పట్టుకుంటారు?" అన్నది ప్రశ్న. "బ్యానర్లు పోయాయి, ఎంత బాధ!" అన్నది నిట్టూర్పు. "నలభై అడుగుల ముఖం వేసిన చెయ్యి ఇప్పుడు నాలుగు అంగుళాల అక్షరాలు వేస్తుంటే రోజు కూలీ ఎంత మారింది?" అన్నది ప్రశ్న.

"అంతరించిపోతున్న కళ" అనే మాట పేజీలో ఎక్కడైనా వస్తే కొట్టేయండి. అవతలి మనిషి ఇంకా పని చేస్తూనే ఉన్నాడు. ఆయన ముందే మనం సంతాప సభ పెట్టకూడదు.

4. అనుమతి, హక్కులు, డబ్బు

దీన్ని చివరికి వదిలేస్తే తయారైన సినిమా ఇంట్లోనే ఉండిపోతుంది. అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

కనబడే ప్రతి ముఖ్యమైన మనిషి దగ్గరా అంగీకార పత్రం తీసుకోండి. తెలుగులో, అర పేజీలో. "ఫలానా సినిమా కోసం నా రూపం, నా గొంతు, నా పని రికార్డు చేయడానికి ఒప్పుకుంటున్నాను. ఈ సినిమాని ఫిల్మ్ ఫెస్టివల్స్‌లో, టీవీలో, ఇంటర్నెట్‌లో చూపించవచ్చు. విడుదలకి ముందు నాకు చూపిస్తారు. నాకు ఇబ్బంది కలిగించే భాగం ఉంటే చెబుతాను, మాట్లాడుకుని తేల్చుకుంటాం" అని, కింద పేరు, తేదీ, సంతకం. సంతకం ముందు గట్టిగా చదివి వినిపించండి, అది కెమెరాలో రికార్డు కూడా చేయండి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలుంటే తల్లిదండ్రుల సంతకం కావాలి.

డబ్బు సంగతి మొదట్లోనే తేల్చండి. నా లెక్క ఇది: మాట్లాడినందుకు డబ్బివ్వను, కానీ నా షూటింగ్ వల్ల ఆయన ఒక రోజు పని పోతే ఆ రోజు కూలీ ఇస్తాను. సినిమా కోసమే ప్రత్యేకంగా బ్యానర్ వేయమంటేనో, కథ చెప్పమంటేనో దానికి మామూలు రేటు పూర్తిగా ఇవ్వాలి. "మీకు పబ్లిసిటీ వస్తుంది" అనే మాట కళాకారులు జీవితమంతా వింటూనే ఉన్నారు, మనం కూడా అనొద్దు.

ఇక కాపీరైట్. మన దేశంలో సాహిత్యానికి రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. చనిపోయిన మరుసటి ఏడాది జనవరి నుంచి ఆ 60 లెక్క మొదలవుతుంది. ఇద్దరు కలిసి రాస్తే చివరగా పోయినవారి నుంచి లెక్క. పద్య నాటకం తీసేవాళ్ళకి ఇది చాలా అవసరం. జంటగా రాసిన తిరుపతి వేంకట కవుల్లో చివరగా పోయిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారిది 1950 కాబట్టి వారి పాండవోద్యోగ విజయాల పద్యాలు 2010 చివరితో అందరివీ అయ్యాయి. హరిశ్చంద్ర రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు 1953లో పోయారు, ఆ పద్యాలకీ గడువు దాటింది. కానీ అదే నాటకం కాటి సీనులో నటులు జాషువా గారి శ్మశానం పద్యాలు కలిపి పాడతారు. జాషువా గారు 1971లో గుంటూరులో కన్నుమూశారు, అంటే ఆ పద్యాల హక్కులు 2031 చివరి వరకు ఉంటాయి. ఒకే సీను, ఒకే గొంతు, రెండు రకాల హక్కులు. కాటి సీను మీ సినిమాకి ఆయువుపట్టు అయితే ముందుగానే హక్కుదారుల అనుమతికి రాయండి.

పద్యం పాతదైనా పాత గ్రామఫోన్ రికార్డుకి, రేడియో రికార్డింగుకి హక్కులు వేరు. సౌండ్ రికార్డింగుకి ప్రచురణ నుంచి 60 ఏళ్ళు. ఫోటోకి 2012 చట్ట సవరణ నుంచి తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అక్కడి టేపు వాడాలంటే రాతపూర్వక అనుమతి కావాలి. పెళ్ళి ఆర్కెస్ట్రా మీద తీస్తుంటే ఇంకా జాగ్రత్త. వాళ్ళు పాడేవన్నీ సినిమా పాటలు, వాటి హక్కులు మ్యూజిక్ కంపెనీలవి. దీనికి ఒక దారి ఉంది: పాట మొదలవకముందే కట్ చేయండి. మైకులు సరిచూసుకోవడం, గాయని స్టేజి వెనక గొంతు సవరించుకోవడం, కీబోర్డు ప్లేయర్ శ్రుతి మార్చడం చాలాసార్లు పాటకంటే బాగుంటాయి.

ఊరు తీయడానికి కూడా కాగితాలు కావాలి. రైల్వే స్టేషన్‌కి రైల్వే వాళ్ళది, దుర్గ గుడికి దేవస్థానం వాళ్ళది, ఉండవల్లి గుహలకి పురావస్తు శాఖది. ప్రకాశం బ్యారేజీ మీద ట్రైపాడ్ వేస్తే పోలీసులు ఆపుతారు, ముందే అడగండి. డ్రోన్ అయితే 2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం ప్రభుత్వం వారి డిజిటల్ స్కై ఆన్‌లైన్ మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోవాలి. నన్నడిగితే డ్రోన్ అసలొద్దు. పైనుంచి బ్యారేజీ షాటు ఇప్పటికే ప్రతి వీడియోలోనూ ఉంది.

5. సామాను

దీని మీద ఎక్కువ ఆలోచించకండి. ఉన్న ఫోనో, పాత మిర్రర్‌లెస్ కెమెరానో చాలు. డబ్బుంటే మైకుల మీద పెట్టండి. ఒక కాలర్ మైకు, ఎదురుగా ఉన్న మాటనే పట్టే పొడవాటి షాట్‌గన్ మైకు ఒకటి, ఒక చిన్న రికార్డరు, మంచి హెడ్‌ఫోన్లు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు, మాట వినబడకపోతే లేచిపోతారు.

సెట్టింగులు: సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్ల కింద, స్టేజి లైట్ల కింద బొమ్మ మిణుకుమనకుండా ఉంటుంది. సౌండు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. సెకనుకి 100 మెగాబిట్ల రేటులో తీస్తే గంటకి 45 జీబీ అవుతుంది, దాన్ని బట్టి కార్డులు కొనుక్కోండి. ప్రతి రాత్రీ రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లోకి కాపీ చేసి, రెండూ తెరిచి చూశాకే కార్డు ఖాళీ చేయండి. ఆ రెండు డిస్కులూ ఒకే ఇంట్లో ఉంచొద్దు.

6. చేతులు, దూరం, చప్పుడు

షూటింగ్‌లో మొదటి నియమం: పనిని మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారైనా పూర్తిగా తీయండి. ముక్కలు ముక్కలుగా అందమైన షాట్లు తీసుకుని వస్తే, ఎడిటింగ్‌లో కూర్చున్నాక ఏది ముందో ఏది వెనకో మీకే తెలియదు.

బ్యానర్ పెయింటర్‌ని తీస్తున్నారనుకుందాం. ఫ్రేముకి బిగించి, తెల్ల పూత పూసి ఆరబెట్టిన గుడ్డ. ఆయన చేతిలో సినిమా స్టిల్లు, దాని మీద పెన్సిలుతో గళ్ళు. గుడ్డ మీద అవే గళ్ళు పెద్దవిగా గీయాలి. దారానికి రంగుపొడి పట్టించి, ఒకరు ఇటు కొస, ఒకరు అటు కొస పట్టుకుని లాగి వదిలితే టప్‌మని గీత పడుతుంది. ఆ టప్ చప్పుడు దగ్గర నుంచి రికార్డు చేయండి. తర్వాత ఒక్కో గడిలో ఉన్నంతే చూసి గీస్తాడు. ఒక గడిలో కనుబొమ్మ మలుపు, ఇంకో గడిలో ముక్కు నీడ. గుడ్డకి అంత దగ్గరగా నిలబడ్డ మనిషికి ముఖం కనబడదు, తన చెయ్యి ముందున్న ఎరుపూ పసుపూ మాత్రమే కనబడతాయి. అందుకే కాసేపటికోసారి బ్రష్ పట్టుకునే వెనక్కి నడుస్తాడు. గోడ దాటి, ఒక్కోసారి రోడ్డు అవతలికి వెళ్ళి, కళ్ళు చికిలించి చూసి, మళ్ళీ వచ్చి ఎక్కడో చిన్న గీత మారుస్తాడు.

ఆ వెనక్కి నడవడమే ఈ పనికి ప్రాణం. దాన్ని కట్ చేయకుండా తీయండి. కెమెరాని గుడ్డ పక్కన ఒకసారి, రోడ్డు అవతల ఒకసారి పెట్టండి. దగ్గర నుంచి రంగు మచ్చలు, దూరం నుంచి హీరో ముఖం. ఏ వ్యాఖ్యానమూ లేకుండానే చూసేవాడికి పని అర్థమైపోతుంది. ఇప్పుడు బ్యానర్లు వేసే పని లేకపోతే ఆయన ప్రస్తుతం ఏది వేస్తుంటే అదే తీయండి, స్కూలు గోడ మీద గాంధీ గారి బొమ్మయినా సరే. గళ్ళూ నడకా అక్కడా ఉంటాయి.

కొండపల్లిలో ఇదే పద్ధతి. తెల్లపొణికి కర్ర తేలిక, మెత్తన. ఏనుగు ఒంటిని, తొండాన్ని, మావటిని విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపంపొట్టూ కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, అది ఆరాక రంగులు వేస్తారు. ఈ ఆరడాల మధ్య చాలా ఖాళీ ఉంటుంది. కబుర్లన్నీ అప్పుడే వస్తాయి, కెమెరా ఆపకండి.

బుర్రకథకి సౌండే పెద్ద పరీక్ష. మధ్యలో కథకుడు భుజాన తంబూర, బొటనవేలికి అందెలు అనే లోహపు ఉంగరాలు. అటూ ఇటూ ఇద్దరు వంతలు గుమ్మెటలనే డోళ్ళతో. ముగ్గురూ అడుగులు వేస్తూ ముందుకీ వెనక్కీ కదులుతుంటారు. అందెల లోహపు చప్పుడు మైకుకి చాలా పదునుగా తగులుతుంది. కథకుడి కాలర్‌కి మైకు పెడితే ఆ చప్పుడే మాటని మింగేస్తుంది. కథకుడి మైకుని అందెలున్న చేతికి అవతలి వైపు కాస్త పైకి పెట్టి, రికార్డింగ్ లెవెల్ బాగా తగ్గించి, వేదిక ముందు ఇంకో మైకుని స్టాండు మీద వేరే ట్రాక్‌లో పెట్టండి. 1986లో పద్మశ్రీ అందుకున్న బుర్రకథకుడు షేక్ నాజర్ గారిది గుంటూరు జిల్లా పొన్నెకల్లు. అంత చరిత్ర ఉన్న గొంతుల నేల మనది. ఇక్కడి దళాన్ని సెల్‌ఫోన్ మైకుతో రికార్డు చేసి సరిపెట్టుకోవద్దు.

నాటకమైతే స్టేజి ముందు నుంచి ఒక్క షాటు చాలు. మిగతాదంతా తెర వెనక తీయండి. ఊరి బడి గదిలో మేకప్, గోడకి కొట్టిన మేకుకి వేలాడే కిరీటం, గడియారం చూసుకుంటూ లుంగీ మీద పట్టుబట్ట కట్టుకునే ధర్మరాజు, పద్యానికి ముందు హార్మోనియం పక్కన నిలబడి సన్నగా శ్రుతి అందుకునే దుర్యోధనుడు. ఫ్లాష్ వద్దు, కొత్త లైటు వద్దు, అడ్డు రావద్దు.

ప్రతి చోటా బయల్దేరే ముందు ఒక నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఆ చోటు చప్పుడు రికార్డు చేసుకోండి. ఫ్యాను, వీధిలో కూరగాయల బండి, దూరంగా రైలు. ఎడిటింగ్‌లో మాటల మధ్య అతుకులు కనబడకుండా అదే కాపాడుతుంది.

7. ఇంటర్వ్యూ

పని తీశాకే ఇంటర్వ్యూ. అప్పటికి ఆయనకి మీరు తెలుసు, మీకు ఏం అడగాలో తెలుసు.

మన వాళ్ళు కెమెరా ఆన్ కాగానే సభలోకి వెళ్ళిపోతారు. "అందరికీ నమస్కారం, నేను చిన్నప్పటి నుంచి కళారంగానికి సేవ చేస్తూ..." అని మొదలవుతుంది. ఆపకండి. మర్యాదగా మొత్తం విని, కెమెరా కదపకుండా, మామూలు గొంతుతో "మాస్టారూ, మొన్న ఆ ఊళ్ళో ఎంతిచ్చారు?" అని అడగండి. గొంతు మారిపోతుంది, కూర్చునే తీరు మారిపోతుంది. అసలు మాట అక్కడ మొదలవుతుంది.

ప్రశ్నలు చిన్నవిగా, చేతితో పట్టుకోగలిగేట్టు ఉండాలి. మీ కిరీటం ఎవరు చేశారు? మొదటి వేషానికి ఎంత? గొంతు పోయిన రోజు ఏం చేశారు? మీ అబ్బాయికి ఈ పని నేర్పారా, ఎందుకు నేర్పలేదు? ఈ రంగు డబ్బా ధర ఎంత? "మీ కళ గురించి చెప్పండి", "యువతకి మీ సందేశం ఏమిటి" అనే రెండూ మాత్రం ఎప్పుడూ అడగొద్దు.

జవాబు అయ్యాక వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. ఐదారు సెకన్లు ఊరుకుంటే ఆయనే ఇంకో మాట కలుపుతారు. చాలాసార్లు సినిమాలోకి వెళ్ళేది ఆ కలిపిన మాటే. వీలైతే పని చేస్తుండగానే మాట్లాడించండి, చేతులు కదులుతుంటే నోరు తడబడదు. మీ ప్రశ్న సినిమాలో వినబడకూడదనుకుంటే జవాబులో ప్రశ్న కూడా కలిపి చెప్పమని ముందే అడగండి.

ఎవరైనా పక్కవాళ్ళ మీద కోపంతో ఏదైనా అంటే, అదీ మంచి మాటే అయితే, వారం ఆగి మళ్ళీ అడగండి: "అది ఉంచమంటారా?" వాళ్ళు అదే గుంపులో బతకాలి. మనం వచ్చి పోయేవాళ్ళం.

8. ఎడిటింగ్

ముందు మాటలన్నీ కాగితం మీదకి ఎక్కించండి. సుదీర్ఘమైన పని, విసుగు పుడుతుంది, అయినా దగ్గర దారి లేదు. ప్రతి మాట పక్కన క్లిప్ నంబరు, టైము రాయండి. తర్వాత కత్తిరించి నేల మీద పరిచి వరస కట్టండి. కంప్యూటరు ముందు కూర్చోకముందే సినిమా సగం అక్కడ తేలిపోతుంది.

మొదటి కూర్పులో వ్యాఖ్యానం వద్దు. పని షాట్లూ వాళ్ళ మాటలూ మాత్రమే వేసుకుని చూడండి. ఎక్కడ అర్థం కాలేదో అక్కడ ఒక టైటిల్ కార్డు చాలునేమో చూడండి. ఊరు, సంవత్సరం, మనిషి చేసే పని. అప్పటికీ అర్థం కాకపోతేనే వ్యాఖ్యానం, అది కూడా మామూలు మాటల్లో, మామూలు గొంతుతో. వెనక వీణ, వేణువు ట్రాకులు వేయకండి. దారం టప్‌మనడం, ఉలి దెబ్బ, హార్మోనియం తిత్తి ఊపిరి మీ దగ్గర ఉన్నాయి, అవే సంగీతం.

సబ్‌టైటిల్స్ దగ్గర ఓపిక పట్టండి. మాటలకి ఎవరైనా రాస్తారు, పద్యానికి మాత్రం పద్యం తెలిసినవాళ్ళ చేత రాయించండి. రాగం తీస్తున్నంతసేపూ ఒకే వరసని తెర మీద ఉంచొద్దు. ఆలాపన మొదలవగానే సబ్‌టైటిల్ తీసేసి గొంతుని వదిలేయండి. మన యాసకి తెలుగు సబ్‌టైటిల్స్ అవసరం లేదు, బయటివాళ్ళ కోసం ఇంగ్లీషువి చాలు.

9. చూపించడం

మొదటి ప్రదర్శన ఎవరికో చెప్పనక్కర్లేదు. ఎడిటింగ్ లాక్ చేయకముందు ఆ గుంపుకే, వాళ్ళ వీధిలోనే, కుటుంబాలతో సహా చూపించండి. వాళ్ళు ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారో రాసుకోండి. పని చూపించడంలో పొరపాటుంటే అక్కడే దొరికిపోతుంది. "గళ్ళు ముందు, పూత తర్వాత చూపించారేంటి?" అని చిన్న కుర్రాడు కూడా పట్టేస్తాడు.

హాల్లో జనానికి చూపించాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. ఫిల్మ్ ఫెస్టివల్స్‌కి కేంద్ర సమాచార, ప్రసార శాఖ మినహాయింపు ఇస్తుంది, దాన్ని ఫెస్టివల్ వాళ్ళే చూసుకుంటారు. సెన్సార్‌కి వెళ్ళే సినిమాలో గంగిరెద్దు లాంటి జంతువుల ప్రదర్శన ఉంటే జంతు సంక్షేమ మండలి పత్రం కూడా అడుగుతారు, ఆ షాట్లు తీయకముందే గుర్తుంచుకోండి.

పంపడానికి ముందుగా చూడాల్సినవి రెండు. 1990లో మొదలై రెండేళ్ళకోసారి జరిగే ముంబయి అంతర్జాతీయ ఫిల్మ్ ఫెస్టివల్ (మిఫ్), 2008 నుంచి కేరళలో జరుగుతున్న డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్. మొదలుపెట్టే ముందే డబ్బు సాయం కావాలంటే బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ లాంటి సంస్థల గ్రాంట్లకి రాయండి. మూడో అంచెలో రాసుకున్న ఆ ఒక్క ప్రశ్న ఇక్కడ బాగా పనికొస్తుంది. చాలా సినిమాలు ఫెస్టివల్ ముందు ఆన్‌లైన్‌లో పెట్టడం వల్లే పోటీకి దూరమవుతాయి, అందుకే యూట్యూబ్‌లో చివరగా పెట్టండి.

ఇక్కడే చూపించడానికి విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం, గుంటూరులో శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరం లాంటి పెద్ద హాళ్ళున్నాయి. కానీ మొదట చిన్న గ్రంథాలయం హాలూ, కాలేజీ తెలుగు శాఖ గదీ, ఫైన్ ఆర్ట్స్ క్లాసూ మేలు. ముప్పై మంది కూర్చుని తర్వాత గంటసేపు మాట్లాడుకుంటారు. సినిమాలోని పెయింటర్‌నో నటుడినో పిలిస్తే వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పకండి. ఆయన చేత ప్రశ్నలకి జవాబులు చెప్పించండి, రాను పోను ఖర్చులివ్వండి.

చివరగా, వాడని ఫుటేజీ. పాతిక నిమిషాల సినిమా వెనక మీ దగ్గర ఎన్నో గంటల గొంతులుంటాయి. పూర్తి పద్యాలు, పూర్తి కథలు, ఎవరో వాళ్ళ తాత గురించి చెప్పిన మాటలు. ప్రతి ఫైలుకీ తేదీ, ఊరు, మనిషి పేరు, ఏం పాడారో రాసిన ఒక పట్టిక చేయండి. ఒక కాపీ ఆ కుటుంబానికి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి మీ దగ్గర, ఇంకొకటి ఒప్పుకునే కాలేజీ లైబ్రరీకో కళాకారుల సంఘానికో ఇవ్వండి. కుటుంబానికి ఇచ్చే పెన్‌డ్రైవ్ టీవీలో నేరుగా ఆడేట్టు మామూలు ఎమ్‌పీ4 ఫైళ్ళుగా మార్చి ఇవ్వండి, వాళ్ళింట్లో టీవీకి పెట్టి ఒకసారి ఆడించి చూపించి మరీ రండి.